అమ్మ ఆరు నెలలు ఉండటానికి వస్తోంది: న్యూజెర్సీ పెరట్లో ఆవిడకంటూ ఒక చోటు ఎలా చెయ్యాలి? (తోటపని ఫోరమ్‌లో ప్రశ్న, జవాబులు)

కొత్తపెరడు

మాది మధ్య న్యూజెర్సీ, మిడిల్‌సెక్స్ కౌంటీ. ఇల్లు కొని ఏడాదైంది. వెనక 40 అడుగుల వెడల్పు, 30 అడుగుల లోతు స్థలం ఉంది, అంతా పచ్చికే. దక్షిణం వైపు చెట్లు లేవు కాబట్టి ఎండకు లోటు లేదు. జింకలు రోజూ వస్తాయి.

అమ్మ ఏప్రిల్ మూడో వారంలో వచ్చి అక్టోబర్ రెండో వారం దాకా ఉంటుంది. వయసు 66. మోకాళ్ళ నొప్పులు, కింద కూర్చోలేదు. తెనాలి దగ్గర మా పల్లెలో ఆవిడ రోజులో సగం పెరట్లోనే గడుస్తుంది. ఇక్కడ కారు నడపలేదు, భాష రాదు, మేం ఆఫీసులకు వెళ్ళాక ఇంట్లో ఒక్కతే. పొద్దున లేచి చూసుకోవడానికి ఆవిడకంటూ ఏదైనా ఉండాలని నా తాపత్రయం. గోంగూర, సొర, బీర, దోస, కరివేపాకు, మల్లె, తులసి కావాలంటోంది. ఈ ఆరు నెలల్లో ఏవి సాధ్యం? మడి ఎలా కట్టాలి? విత్తనాలు ఊరి నుంచి తేవచ్చా? మార్చి ఇంకా మొదలే కాబట్టి నాకు కొంచెం టైముంది.

పందిరిరాట

పని మొదలుపెట్టే ముందు ఒక మాట. తోటంతా సిద్ధం చేసి, మొక్కలు నాటేసి, ఆవిడ రాగానే చూపించాలని అనుకోకండి. అప్పుడది మీ తోట అవుతుంది, అమ్మగారు అందులో చుట్టంలా మిగిలిపోతారు. బరువు పనులు మీవి: చెక్క, మట్టి, కంచె, నీళ్ళ గొట్టం. ఎక్కడ ఏది వెయ్యాలో, ఎప్పుడు తుంచాలో, ఎవరికి ఎంత పంచాలో ఆవిడ ఇష్టం. మడులు ఖాళీగా ఉంచి, విత్తనాల పొట్లాలు బల్ల మీద పెట్టండి.

కింద కూర్చోలేరంటున్నారు కాబట్టి నేల మీద మడి వద్దు. ఆకుకూరలకు 8 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు పెట్టె కట్టండి. ఒక పక్క నుంచే చెయ్యి అవతలి అంచుకు అందాలి, అందుకే వెడల్పు 2 అడుగులు దాటకూడదు. 2×10 చెక్కలు రెండు వరసలు పేరిస్తే ఎత్తు 18న్నర అంగుళాలు (2×10 అని అమ్మే చెక్క అసలు వెడల్పు 9 అంగుళాల పావే). పైన అంచుకు 2×6 చెక్క పడుకోబెట్టి బిగిస్తే 20 అంగుళాల అరుగు వస్తుంది. మామూలు కుర్చీ కంటే కాస్త ఎత్తు కాబట్టి మోకాళ్ళ మీద భారం పడకుండా లేవచ్చు. గోడలకు 8 అడుగుల చెక్కలు ఐదు సరిపోతాయి: నాలుగు పొడుగు పక్కలకు, ఐదోది నాలుగు ముక్కలు కోస్తే అటూ ఇటూ అడ్డాలకు. మూలల్లో 4×4 కర్ర నిలబెట్టి 3 అంగుళాల డెక్ స్క్రూలతో బిగించండి. మేకులు వాడితే రెండు చలికాలాలకు మూలలు విడిపోతాయి. దేవదారు అయితే మేలు, ధర ఎక్కువనుకుంటే మామూలు పైన్ కూడా కొన్నేళ్ళు వస్తుంది. పాత రైలు పట్టాల దుంగలు చవకగా దొరికినా తేవద్దు, వాటికి క్రియోసోట్ పట్టించి ఉంటారు.

తీగలకు వేరే ఏర్పాటు. 4×4 అడుగుల మడులు రెండు ఒక వరస ఎత్తుతో కట్టి, మధ్యలో 4 అడుగుల దారి వదలండి. పశువుల కంచెకు వాడే 'క్యాటిల్ ప్యానెల్' ఉంటుంది, 16 అడుగుల పొడవు, 50 అంగుళాల వెడల్పు. దాన్ని ఒక మడి లోపలి అంచు నుంచి రెండో మడి లోపలి అంచుకు విల్లులా వంచితే ఏడు అడుగుల లోపు ఎత్తులో పందిరి తయారు. రెండు వైపులా రెండేసి ఇనప టీ-పోస్టులు అడుగున్నర లోతు దిగగొట్టి తీగతో కట్టండి. వంచడానికి ఇద్దరు మనుషులు కావాలి, ఒక్కరే చేస్తే ఎగిరి మొహానికి కొడుతుంది. ఈ పందిరి కింద ఒక కుర్చీ పడుతుంది. జులైకల్లా అక్కడ నీడ వస్తుంది, సాయంత్రం ఆవిడ కూర్చునే చోటు అదే అవుతుంది. అందుకని పందిరిని ఇంటికి దూరంగా మూలన పెట్టకండి. వంటింటి తలుపు నుంచి చెప్పులు వేసుకుని నాలుగడుగులు వేస్తే చేరాలి.

పోస్టులు దిగగొట్టే ముందు 811కు ఫోన్ చెయ్యండి. కనీసం 3 పనిదినాల ముందు చెప్పాలి. నేలలో ఉన్న గ్యాస్, కరెంటు లైన్ల మీద రంగుతో గీతలు వేసి వెళతారు, డబ్బు తీసుకోరు. కంచెకు మీ టౌన్‌షిప్ పర్మిట్, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) ఉంటే వాళ్ళ అనుమతి ఇప్పుడే అడగండి, దీనికే నెల పట్టొచ్చు.

మట్టి లెక్క: మూడు మడులకూ కలిపి 49 ఘనపుటడుగుల దాకా, అంటే 2 క్యూబిక్ యార్డులకు కాస్త తక్కువ. 2 యార్డులు తెప్పించండి, మొదటి ఏడాదే రెండు మూడు అంగుళాలు కుంగుతుంది. సగం జల్లించిన టాప్‌సాయిల్, మూడో వంతు కంపోస్ట్, మిగతాది నలగ్గొట్టిన పైన్ బెరడు. బలం కదా అని ఒట్టి కంపోస్ట్ నింపితే అది ఏడాదికి సగం అణిగిపోతుంది, నీళ్ళు నిలవవు. కింద పచ్చిక తవ్వక్కర్లేదు. టేపు పీకేసిన అట్టపెట్టెలు రెండు పొరలు పరిచి తడిపి, పైన మట్టి పోయండి.

చాలామంది దెబ్బతినేది కంపోస్ట్ దగ్గరే. గడ్డి మేసిన పశువుల ఎరువులో ఒక్కోసారి అమినోపైరాలిడ్ రకం కలుపు మందు మిగిలి ఉంటుంది. టమాటా, చిక్కుడు ఆకులు ముడుచుకుని ఫెర్న్ ఆకుల్లా మెలితిరిగిపోతాయి, ఆ ఏడాది ఇక కోలుకోవు. మార్చిలో టైముంది కాబట్టి ఒక బస్తా తెచ్చి, రెండు కుండీల్లో బీన్స్ గింజలు వేసి కిటికీలో మూడు వారాలు చూడండి. ఆకు సాఫీగా వస్తే మిగతాది తెప్పించండి.

జింకలకు 7 నుంచి 8 అడుగుల నల్ల వల తప్పదు. గ్రౌండ్‌హాగ్ (బొరియల్లో ఉండే, ఉడత జాతి పెద్ద జంతువు) కింద నుంచి తవ్వుకొస్తుంది, అందుకని కింది 3 అడుగులకు ఇనప జాలీ వేసి, చివరి అడుగు బయటి వైపుకు నేల మీద మడిచి పిన్నులతో నొక్కండి. తలుపు 3 అడుగుల వెడల్పు ఉండాలి, గడియ ఒంటి చేత్తో తీయగలగాలి.

నీళ్ళు వారానికి అంగుళం లెక్కన ఈ మూడు మడులకూ 30 గ్యాలన్లు, జులై ఎండల్లో దానికి రెట్టింపు. బిందెలు మొయ్యనివ్వకండి. మడి దాకా గొట్టం, చివర తేలికపాటి జల్లు వాండ్ పెట్టండి. ఎండలో పడున్న గొట్టంలోంచి మొదట వచ్చే నీళ్ళు కాగిపోతూ ఉంటాయి, ముందు వాటిని పచ్చిక మీదకు వదిలి తర్వాత మొక్కలకు పట్టమని చెప్పండి.

గోగుపూలు

పై రిప్లైలో కట్టుబడి వివరంగా ఉంది కాబట్టి పంటల సంగతి చెప్తాను.

ఏప్రిల్ మూడో వారం అంటే అదృష్టం. మీ వైపు ఆఖరి మంచు ఏప్రిల్ చివర నుంచి మే మధ్య దాకా ఎప్పుడైనా పడొచ్చు, వేసవి మొక్కలు బయట పెట్టేది మే 15 తర్వాతే. సొర, బీర, కాకర, దోస నారు ఇంట్లో పొయ్యాల్సింది దానికి 3, 4 వారాల ముందు. అంటే అమ్మగారు దిగిన వారమే. జెట్‌లాగ్‌తో తెల్లవారుజామున 3 గంటలకు మెలకువ వస్తే చెయ్యడానికి పని ఉంటుంది. కుండీలు, నారు మట్టి, వెచ్చదనానికి హీట్ మ్యాట్, ఒక షాప్ లైట్ మీరు ముందే తెచ్చి ఉంచండి.

అదే వారం బయట పెట్టెలో మెంతికూర, కొత్తిమీర, పాలకూర, ముల్లంగి చల్లొచ్చు, వాటికి చలి పడుతుంది. మెంతి నెల రోజుల్లో కోతకొస్తుంది. తొలి నెలలోనే ఒక కూర చేతికి రావడం ముఖ్యం, సొరకాయ కోసం జులై దాకా ఎదురు చూస్తూ కూర్చుంటే ఉత్సాహం పోతుంది. కొత్తిమీర జూన్ వేడికి పూతకెళ్ళిపోతుంది, అది మీ తప్పు కాదు. ఆగస్టు చివర మళ్ళీ చల్లండి. తోటకూర, బచ్చలి తొందరపడి వెయ్యకండి, మట్టి 65 డిగ్రీల ఫారెన్‌హీట్ చేరితేనే మొలుస్తాయి.

టమాటా, వంగ, మిరప మాత్రం ఆవిడ వచ్చేదాకా ఆగవు. మార్చిలోనే నారు పడాలి. లేదంటే మే నెలలో నర్సరీ మొక్కలు కొనండి, అందులో నామోషీ ఏమీ లేదు.

గోంగూర: గింజలు రాత్రంతా నానబెట్టి, అర అంగుళం లోతున 75 నుంచి 85 డిగ్రీల వెచ్చదనంలో వేస్తే వారం లోపు మొలుస్తాయి. నాలుగు వారాల నారు మే చివర బయటకు. అడుగు ఎడంగా 4×4 మడిలో సగానికి ఎనిమిది మొక్కలు వేస్తే నలుగురికి మిగిలి పంచేంత వస్తుంది. అడుగు ఎత్తు ఎదగ్గానే తల తుంచాలి, అప్పుడే పక్క కొమ్మలు పుడతాయి. గోంగూర పగలు పొట్టి అయ్యాకే పూస్తుంది. న్యూజెర్సీలో మొగ్గ వేసేసరికి మంచు వచ్చేస్తుంది. అందువల్ల ఆకుకు ఢోకా లేదు కానీ గింజ కట్టదు, ఏటా కొత్త విత్తనం కొనాల్సిందే.

జూన్ చివర ఆకులన్నీ జల్లెడలా కనిపిస్తే అది జపనీస్ బీటిల్. 1916లో అమెరికాలో ఇది మొదట బయటపడింది న్యూజెర్సీలోని రివర్టన్‌లోనే, గోంగూరంటే దానికి ప్రాణం. పొద్దున్నే చల్లటి వేళ మందకొడిగా ఉంటాయి, సబ్బు నీళ్ళ గిన్నె కింద పెట్టి ఆకు తడితే అందులో పడతాయి. రోజూ పది నిమిషాల పని. బజార్లో దొరికే ఉచ్చు సంచులు కట్టకండి, పక్క వీధి పురుగులు కూడా మీ ఇంటికే వస్తాయి.

సొర: పిందెలు వేలెడంత పెరిగి పసుపెక్కి రాలిపోతున్నాయని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు. పరాగం అందకపోవడమే కారణం. సొర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, పగటి తేనెటీగలకు దొరకదు. చీకటి పడే వేళ మగ పువ్వు కోసి రేకులు తీసేసి, కింద చిన్న పిందె ఉన్న ఆడ పువ్వు మధ్యలో మెల్లగా రాయాలి. ఒక మగ పువ్వు రెండు మూడు ఆడ పువ్వులకు వస్తుంది. బీర కూడా సాయంత్రమే పూస్తుంది. బీర గింజ పెంకు గట్టిది, గోళ్ళు తీసే కట్టర్‌తో అంచు చిదిమి 24 గంటలు నానబెట్టండి. ఆడ పూలు ఆలస్యంగా, ఆగస్టులో వస్తాయి, కంగారుపడి తీగ పీకెయ్యొద్దు. 4×4 మడికి సొర ఒక్కటి, బీర రెండు. అంతకు మించితే పందిరి కింద చీకటే తప్ప కాయ ఉండదు. చేదు సొరకాయ తగిలితే వండకుండా పారేయాలి, అది విషం.

దోస తీగ ఒక్కరోజులో వాడి, నీళ్ళు పోసినా లేవకపోతే బ్యాక్టీరియల్ విల్ట్, మందు లేదు. పసుపు నలుపు చారల కుకుంబర్ బీటిల్ దాన్ని మోసుకొస్తుంది. నాటిన రోజు నుంచి పలుచని తెల్ల గుడ్డ (రో కవర్) కప్పి, ఆడ పువ్వు కనబడగానే తీసెయ్యండి.

మట్టిచేతులు

విత్తనాల సంగతి. నాటే విత్తనాలు అమెరికాకు తేవాలంటే తెగుళ్ళు, పురుగులు లేవని ఇండియాలో ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి. చిన్న మొత్తాలకు యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) పర్మిట్ ఒకటి ఉంది, పొట్లానికి ఒకే రకం, 50 గింజలు లేదా 10 గ్రాములకు మించకూడదు. కానీ అవి తనిఖీ కేంద్రం ద్వారా రావాలి. చీర మడతల్లో పెట్టుకొచ్చి డిక్లేర్ చెయ్యకపోతే జరిమానా. కస్టమ్స్ తనిఖీలో అమ్మగారిని ఆ ఇబ్బందిలో పెట్టకండి. పచ్చి కరివేపాకు, మొక్కలు, ఊరి మట్టి అసలే తేకూడదు. గోంగూర, సొర, బీర, దోస గింజలు అమెరికాలోనే ఆన్‌లైన్‌లో, వసంతంలో ఇండియన్ స్టోర్లలో దొరుకుతాయి.

ఇక్కడి ఇండియన్ స్టోరు నుంచి వచ్చిన పోపుల డబ్బాలో కూడా విత్తనాలున్నాయి. మెంతులు, ఆవాలు, ధనియాలు మొలుస్తాయి. ధనియాన్ని రెండు బద్దలుగా నలిపి వెయ్యాలి. స్టోరులో కొన్న పుదీనా, బచ్చలి కాడలు నీళ్ళ గ్లాసులో పెడితే పది రోజుల్లో వేళ్ళు తొడుగుతాయి. చామదుంప మే చివర పాతితే వస్తుంది, నీళ్ళు బాగా తాగుతుంది. పుదీనాను మడిలో పెట్టకండి, కుండీలోనే ఉంచండి, లేకపోతే మడంతా అదే అవుతుంది.

కొత్తపెరడు

చాలా థాంక్స్ అండీ. బీన్స్ పరీక్ష ఈ వారమే మొదలుపెడతాను. రెండు సందేహాలు. పచ్చికకు మందు కొట్టే కంపెనీ ఏడాదికి ఐదుసార్లు వస్తుంది, ఆపాలా? ఊళ్ళో అమ్మ గట్ల మీద కూర కోసుకొచ్చే మనిషి, ఇక్కడ కూడా కనిపించిన ఆకల్లా కోస్తుందేమోనని భయం. కుండీ మొక్కల సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

మట్టిచేతులు

మందు ఆపించండి, కనీసం కంచె చుట్టూ 15 అడుగులు వదిలెయ్యమనండి. ఆ మందు వెడల్పాటి ఆకు ఉన్న ప్రతి మొక్కనూ చంపడానికే ఉంది, గాలికి రెండు చుక్కలు పడినా టమాటా మెలితిరుగుతుంది. ఆ పచ్చిక కోసిన గడ్డిని మల్చ్‌గా (మడి మీద కప్పుగా) కూడా వాడకండి.

గట్ల మీది కూర గురించి మీ భయం సగం నిజం. మందు కొట్టని చోట జూన్ నుంచి గంగపాయల కూర దానంతటదే మొలుస్తుంది. తెలంగాణ వైపు గంగవాయిలి అంటారు. పప్పులో వేసుకోవచ్చు. దాని పక్కనే స్పర్జ్ అనే పాకుడు కలుపు అచ్చం అలాగే ఉంటుంది, తుంచితే పాలు కారతాయి. పాలు కారితే తినకూడదు, ఇదొక్కటే గుర్తు.

అసలు ప్రమాదం పోక్‌వీడ్. ఎర్ర కాడ, నల్ల ఊదా పళ్ళ గుత్తులు, చూడగానే బచ్చలి అనిపిస్తుంది. వేరు, కాడ, ఆకు, పండు అన్నీ విషమే. బచ్చలి తీగలా పాకుతుంది, ఇది పొదలా నిలువుగా ఆరడుగులు లేస్తుంది. రెండోది పాయిజన్ ఐవీ: ఒక కాడకు మూడు ఆకులు, మధ్య ఆకు కాడ పొడుగు. ఉత్త చేత్తో కలుపు పీకే అలవాటున్నవాళ్ళకు చేతులంతా బొబ్బలు లేస్తాయి. ఈ రెంటినీ ఆవిడ రాకముందే చేతి తొడుగులు వేసుకుని వేర్లతో సహా పీకించి, ఫోటోలు తీసి ఫోన్లో చూపించండి. పాయిజన్ ఐవీని తగలబెట్టొద్దు, పొగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

జింకలు తిరిగే చోట డీర్ టిక్ అనే పిడుదు ఉంటుంది, లైమ్ జ్వరం దాని వల్లే. మే నుంచి జులై దాకా నువ్వుగింజలో సగం కూడా ఉండదు. పెరట్లోకి వెళ్ళేటప్పుడు మేజోళ్ళు, లేత రంగు బట్టలు వేసుకోవాలి. సాయంత్రం స్నానం చేసేటప్పుడు మోకాలి వెనక, చంకలు, మెడ వెనక తడిమి చూసుకోవాలి. కరిచి ఉంటే సన్నటి ట్వీజర్స్‌తో చర్మానికి ఆనించి నిటారుగా లాగాలి. కిరసనాయిలు, అగ్గిపుల్ల వంటివి వద్దు.

గోగుపూలు

కుండీ మొక్కలు. కరివేపాకు మొక్కను ఫ్లోరిడా, టెక్సాస్, కాలిఫోర్నియా నుంచి వచ్చే చుట్టాల కారులో తెప్పించుకోకండి. నిమ్మజాతి తోటల్ని నాశనం చేసే గ్రీనింగ్ తెగులును మోసే పురుగు కరివేపాకు మీద బతుకుతుంది, అందుకే క్వారంటైన్ నిబంధనలున్నాయి. న్యూజెర్సీలోనే నర్సరీలో కొనండి. రాత్రి చలి 50 డిగ్రీల కంటే తగ్గనప్పుడే బయట ఉంచాలి, అంటే జూన్ నుంచి సెప్టెంబర్ చివర దాకా. లోపలి నుంచి ఒకేసారి ఎండలో పెడితే ఆకు మాడుతుంది. మొదట నీడలో గంట, రోజూ కాస్త పెంచుతూ పది రోజులు అలవాటు చెయ్యండి.

మల్లె కొత్త చిగురు మీదే పూస్తుంది. ప్రతి విడత పూలు అయిపోగానే కొమ్మలు మూడో వంతు కత్తిరించి ఆకు దూస్తే నెల, నెలన్నరకు మళ్ళీ మొగ్గ. ఆరు గంటల ఎండ లేకపోతే తీగ పెరుగుతుంది కానీ పువ్వు రాదు. తులసి కొనేటప్పుడు వాసన చూడండి. అమెరికాలో 'హోలీ బేసిల్' అని అమ్మేది చాలా చోట్ల వేరే జాతి, పళ్ళ వాసన వస్తుంది. కృష్ణ తులసి, రామ తులసి అని విడిగా రాసి అమ్మేది తీసుకోండి.

అక్టోబర్ తర్వాత కరివేపాకు, మల్లె దక్షిణపు కిటికీలో ఉంచి, మట్టి పైన అంగుళం ఎండాకే నీళ్ళు పొయ్యాలి. చలికాలంలో కరివేపాకు ఆకు రాల్చేస్తే చచ్చిందనుకుని నీళ్ళు గుమ్మరిస్తారు, వేరు కుళ్ళి నిజంగానే చస్తుంది. కొమ్మను గోటితో గీకి చూడండి, లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. వాటిని ఎలా చూడాలో ఆవిడ చేత వాయిస్ మెసేజ్‌గా చెప్పించుకోండి.

ఇంకొకటి. బయలుదేరే ముందు వారం ఆవిడ చేత వెల్లుల్లి నాటించండి. స్టోరులో కొన్నవి కొన్ని మొలవవు, రైతు బజారులో దొరికే హార్డ్‌నెక్ (మధ్యలో గట్టి కాడ ఉండే రకం) గడ్డలు తెచ్చి రెబ్బలు విడదియ్యాలి. మొన పైకి, 2 అంగుళాల లోతు, 6 అంగుళాల ఎడం, పైన 4 అంగుళాల ఎండుటాకుల కప్పు. అది చలంతా మట్టిలోనే ఉండి మార్చిలో కప్పు లోంచి పచ్చగా తల ఎత్తుతుంది, అప్పుడు తెనాలికి వీడియో కాల్ చెయ్యండి. జులై మొదట్లో కింది ఆకులు మూడు ఎండగానే తవ్వండి. ఇంకా ఆగితే గడ్డ పగిలిపోతుంది.